మా మర ఎందుకు ఊగిందంటే...

ఆ రోజు ఆఫీసులో స్టాండప్ మీటింగ్ నడుస్తోంది. ఫోన్ సైలెంట్‌లో పెట్టినా టేబుల్ మీద బుర్రుమంటూనే ఉంది. చూస్తే అమ్మ. అప్పటికి మూడోసారి. బయటికొచ్చి ఎత్తాను.

"పక్కింటి వాళ్ల గోడ బీట తీసిందట్రా. మన మర వల్లేనని బాబాయి గొడవ పెట్టుకున్నాడు. పంచాయతీలో కాగితం ఇస్తానంటున్నాడు. మీ నాన్న రెండు రోజుల్నించి సరిగ్గా అన్నం తినట్లేదు."

మాది తెనాలి దగ్గర ఓ చిన్న ఊరు. నాన్న పాతికేళ్లుగా పిండి మర నడుపుతున్నాడు. బియ్యప్పిండి, జొన్నపిండి, శనగపిండి, సంక్రాంతి వస్తే అరిసెల పిండి. నా బీటెక్ ఫీజులో స్కాలర్‌షిప్ పోను మిగతాదంతా ఆ మర తిరిగితేనే వచ్చింది. ఆ సంగతి నాకు తెలీక కాదు. కానీ ఆ క్షణంలో నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"మూసేయమనమ్మా. నేను నెలనెలా పంపిస్తూనే ఉన్నాను కదా!"

ఫోన్ స్పీకర్‌లో ఉందని నాకు తెలీదు. కాసేపు అటునుంచి చప్పుడు లేదు. తర్వాత నాన్న గొంతు వినిపించింది. "నువ్వు చదివింది మెకానికలే కదరా? ఓసారి వచ్చి చూడు. చూశాక కూడా మూసేయమంటే మూసేద్దాం."

ఒక్క అరుపు అరిచినా బాగుండేది. అరవలేదు.

కిటికీ అద్దం చెప్పిన పాఠం

శుక్రవారం రాత్రి బస్సెక్కాను. నేను మెకానికల్ చదివాను గానీ, ఉద్యోగం సాఫ్ట్‌వేర్. మనలో చాలామంది కథే! మూడో ఏడాదిలో వైబ్రేషన్స్ చదివాను. ఫార్ములా బట్టీ పట్టాను, పరీక్షలో రాశాను, మార్కులొచ్చాయి, మర్చిపోయాను. ఇప్పుడు నాన్న ముందు ఏం చెప్పాలి?

నా పక్కన కిటికీ అద్దం ఉంది. బస్సు ఎక్కడైనా ఆగి ఇంజిన్ ఊరికే తిరుగుతుంటే ఆ అద్దం టకటకా కొట్టుకుంటోంది. బండి కదిలి ఇంజిన్ స్పీడ్ పెరగ్గానే ఠక్కున నిశ్శబ్దం. మళ్లీ ఆగితే మళ్లీ టకటక. మీరూ చాలాసార్లు చూసే ఉంటారు. విచిత్రం కదూ? ఇంజిన్ ఎక్కువ పని చేస్తుంటే అద్దం ఎక్కువ ఊగాలి కదా, తక్కువ పని చేస్తుంటే ఎందుకు ఊగుతోంది?

ఎందుకంటే ప్రతి వస్తువుకీ తనదంటూ ఓ ఊపు ఉంటుంది. దాన్ని ఒక్కసారి కొట్టి వదిలేస్తే సెకనుకి ఇన్నిసార్లని తన లెక్కలోనే ఊగుతుంది. అదే నేచురల్ ఫ్రీక్వెన్సీ. మన తెలుగు మీడియం పుస్తకాల్లో సహజ పౌనఃపున్యం అన్నారు. సెకనుకి ఒకసారి ఊగితే 1 హెర్ట్జ్, పదిసార్లయితే 10 హెర్ట్జ్.

అట్లతద్దికి చెట్టుకు కట్టిన ఉయ్యాల గుర్తు తెచ్చుకోండి. ఉయ్యాల మన దగ్గరికి వచ్చి తిరిగి వెళ్లబోతుండగా చిన్నగా తోస్తే చాలు, నాలుగు తోపులకి కొమ్మ అందుకుంటుంది. దాని లెక్క పట్టించుకోకుండా ఎప్పుడు పడితే అప్పుడు తోశామా, ఎంత బలం పెట్టినా దండగే. బయటినుంచి వచ్చే తోపుల లెక్క, వస్తువు సొంత లెక్క ఒకటైపోతే ఊపు అంతకంతకూ పెరుగుతుంది. అదే రెజొనెన్స్. తెలుగులో అనునాదం. బస్సు ఆగినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, ఆ అద్దం లెక్క కలుస్తున్నాయన్నమాట.

మీ జేబులోనూ ఇదే నడుస్తోంది. ఇప్పుడొచ్చే చాలా స్మార్ట్‌ఫోన్లలో వైబ్రేషన్ కోసం స్ప్రింగు మీద ఓ చిన్న బరువు ఉంటుంది. దాన్ని సరిగ్గా దాని నేచురల్ ఫ్రీక్వెన్సీ దగ్గరే కదిలిస్తారు. అందుకే అంత తక్కువ బ్యాటరీతో ఫోన్ అంత గట్టిగా వణుకుతుంది. మీ చేతి వాచీలో క్వార్ట్జ్ ముక్క సెకనుకి 32,768 సార్లు కంపిస్తూ టైమ్ లెక్కపెడుతుంది. రెజొనెన్స్ చెడ్డదేం కాదు. కోరి తెచ్చుకుంటే పనిమనిషి, చెప్పకుండా వస్తే దొంగ.

మా మరలోకి చెప్పకుండా వచ్చిందా? అదీ ప్రశ్న.

నాన్న మాటల్లో ఫార్ములా

పొద్దున్నే మర దగ్గరికి వెళ్లాను. రెండేళ్ల కింద వాన నీళ్లు షాపులోకి వచ్చి మోటారు తడిసిపోయిందని, మరని సిమెంటు దిమ్మ మీంచి తీసి రెండున్నర అడుగుల ఇనుప యాంగ్లర్ల స్టాండు మీదికి ఎక్కించాడు నాన్న. దిమ్మ మీద ఉన్నన్నాళ్లూ ఏ గొడవా లేదు. స్టాండు ఎక్కాకే ఊపు మొదలైంది.

మోటారు ఆన్ చేశాడు. మర తిరుగుతుంటే స్టాండు అటూ ఇటూ వణుకుతోంది. గోడకి అవతల పిన్ని వాళ్ల స్టీలు సామాన్ల స్టాండులో పళ్లాలు గలగలలాడటం ఇవతలికి వినిపిస్తోంది. బాబాయికి కోపం రావడంలో తప్పేం లేదనిపించింది.

"ఎప్పుడూ ఇంతే ఊగుతుందా నాన్నా?"

"లేదు. పైన గింజలు నిండుగా పోసినప్పుడు బాగా ఊగుతుంది. గింజలు అయిపోయేకొద్దీ తగ్గుతుంది. బరువు వేస్తే కుదురుగా ఉండాలి గదా, ఇదేంటో తిరకాసు."

అక్కడే ఆగిపోయాను. నాన్నకి తిరకాసుగా అనిపించిన ఆ ముక్కే నేను బట్టీ పట్టిన ఫార్ములా!

ఆ ఫార్ములా చాలా చిన్నది. వస్తువు ఎంత బిగువుగా ఉందో దాన్ని, ఎంత బరువుందో దాంతో భాగించాలి. వచ్చినదానికి వర్గమూలం తీసి రెండు పైలతో భాగిస్తే నేచురల్ ఫ్రీక్వెన్సీ వస్తుంది. మాటల్లో చెప్పాలంటే, బిగువు పెరిగితే ఊగే లెక్క పెరుగుతుంది, బరువు పెరిగితే తగ్గుతుంది. వీణ తీగని బిగిస్తే స్వరం పైకి వెళ్తుంది. సన్న తీగకన్నా లావు తీగ కింది స్వరం పలుకుతుంది. అంతే సంగతి.

అంటే గింజలు పోసినప్పుడు బరువు పెరిగి మర సొంత ఫ్రీక్వెన్సీ కిందికి దిగుతోంది. దిగి దిగి దేని దగ్గరికి చేరుతోంది?

మోటారు మీద రేకు చూశాను. నిమిషానికి 1440 చుట్లు. మోటారు పుల్లీ 5 అంగుళాలు, మర పుల్లీ 12 అంగుళాలు. అంటే రాయి నిమిషానికి 600 చుట్లు తిరుగుతుంది. సెకనుకి 10. రాయి బరువు చుట్టూ సరిసమానంగా లేకపోతే, ఏ రాయికైనా కొంత తేడా ఉంటుంది, ప్రతి చుట్టుకీ స్టాండుని ఓ తోపు తోస్తుంది. అంటే మా ఉయ్యాలని తోసే చెయ్యి సెకనుకి 10 సార్లు తోస్తోంది. ఇప్పుడు ఉయ్యాల లెక్క తెలియాలి.

ఫోనే స్టెతస్కోప్

ఇంజనీరింగ్ ల్యాబులో ఈ కొలతలకి ఖరీదైన పరికరాలు ఉండేవి. మా ఊళ్లో ఎక్కడివి? కానీ స్క్రీన్ అడ్డం తిప్పితే వీడియో కూడా తిరగడానికి కారణమైన సెన్సర్ ఉంది చూశారూ, యాక్సెలరోమీటర్, అది దాదాపు ప్రతి స్మార్ట్‌ఫోన్‌లో ఉంటుంది. ఆ రీడింగులు బయటికి చూపించే ఉచిత యాప్‌లు చాలా ఉన్నాయి. నేను వాడింది ఫైఫాక్స్. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసింది.

మోటారు ఆపించి, పవర్ తీయించి, ఫోన్‌ని స్టాండుకి డబుల్ టేపుతో అంటించాను. నాన్నని కొయ్య సుత్తితో స్టాండు పక్కన ఒక్క దెబ్బ కొట్టమన్నాను. స్టాండు వణికింది, ఆ వణుకు సన్నగిల్లి ఆగిపోయింది. స్క్రీన్ మీద ఓ గీత, గడ్డి పోచల మధ్య తాటిచెట్టులా పైకి లేచింది.

ఆ గీత వెనక ఉన్నది ఫోరియర్ లెక్క. పదిమంది ఒకేసారి పాడుతున్న పాటలోంచి ఎవరి గొంతు ఎంతుందో విడదీసి చెప్పడం లాంటిది. నా ఉద్యోగంలో ఆ కోడ్‌ని లైబ్రరీగా ఎన్నిసార్లు పిలిచానో. అది చూపించేది ఓ మరకున్న రోగం కూడా కావచ్చని అప్పుడే తట్టింది.

మర ఖాళీగా ఉన్నప్పుడు చెట్టు 11 హెర్ట్జ్ దగ్గర లేచింది. తర్వాత పైన 50 కిలోల జొన్నల బస్తా పోసి మళ్లీ కొట్టమన్నాను. చెట్టు జరిగింది. 10కి కాస్త పైన!

కాగితం మీద లెక్క వేశాను. మర, మోటారు, స్టాండు కలిపి 300 కిలోల దాకా ఉంటాయని నాన్న అంచనా. ఇంకో 50 వేస్తే బరువు ఆరో వంతు పెరిగినట్టు. వర్గమూలం వల్ల ఫ్రీక్వెన్సీ సుమారు 7 శాతం తగ్గాలి. 11 నుంచి 10.2కి. రాయి తోసేది సెకనుకి 10 సార్లు. దొంగ దొరికాడు.

నాన్నకి స్క్రీన్ చూపించాను. కళ్లజోడు సర్దుకుని చూశాడు. "అయితే గింజలు పోసినప్పుడు నేను చెప్పినట్టే అన్నమాట" అన్నాడు. అవును నాన్నా, నువ్వు చెప్పినట్టే.

టైరు ముక్కల కథ

కింద ఇంకో విశేషం కనిపించింది. స్టాండు నాలుగు కాళ్ల కిందా పాత టైరు ముక్కలు. ఊపు తగ్గడానికి మెకానిక్ పెట్టించాడట. "పెట్టాక ఇంకా పెరిగిందిరా" అన్నాడు నాన్న.

రబ్బరు పెడితే ఊపు తగ్గుతుందని మనందరికీ ఓ నమ్మకం. సగమే నిజం. రబ్బరు మెత్తన. అంటే బిగువు తగ్గింది. బిగువు తగ్గితే ఫ్రీక్వెన్సీ కిందికి దిగుతుంది. కాస్త పైన ఎక్కడో ఉన్న మా స్టాండు లెక్క, రబ్బరు పుణ్యమా అని, రాయి లెక్క వైపు ఇంకాస్త జరిగింది.

మరి వాషింగ్ మెషీన్‌లో స్ప్రింగులెందుకు పెడతారు? అక్కడ ఉపాయం వేరు. డ్రమ్ము వేలాడే స్ప్రింగులు ఎంత మెత్తగా ఉంటాయంటే, వాటి లెక్క డ్రమ్ము పూర్తి వేగానికి చాలా కిందే ఉండిపోతుంది. నిమిషానికి 1200 చుట్లంటే సెకనుకి 20. వేగం అంత దాకా ఎక్కే దారిలో ఒక చోట మాత్రం స్ప్రింగుల లెక్కని దాటాలి. స్పిన్ మొదట్లో మెషీన్ ఓసారి దడదడలాడి తర్వాత కుదురుకోవడం చూసే ఉంటారు. ఆ దాటే క్షణం అదే. ఆ కాస్త సేపు ఊపు మీరిపోకుండా పట్టి ఉంచడానికి డ్యాంపర్లు పెడతారు.

అంటే దారులు మూడు. బిగువు పెంచి లెక్కని పైకి తోసేయడం, మెత్తగా చేసి బాగా కిందికి దించేయడం, లేదా డ్యాంపర్లతో ఊపు శక్తిని పీల్చేయడం. సగం సగం చేస్తే మా టైరు ముక్కల కథే.

వంతెనలకీ తప్పలేదు

ఇలా దెబ్బ తిన్నది మా మర ఒక్కటే కాదు. 1831 ఏప్రిల్ 12న ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ దగ్గర బ్రాటన్ వంతెన మీద 74 మంది సైనికులు కవాతు చేస్తూ వెళ్తుంటే అది ఊగి ఊగి ఒక పక్క కూలింది. అదృష్టం, ఎవరూ చనిపోలేదు. బలహీనమైన ఓ బోల్టు కూడా అందుకు కారణమే. ఆ తర్వాత వంతెన ఎక్కగానే అడుగులు కలపకుండా నడవమని అక్కడి సైన్యంలో ఆదేశమిచ్చారు.

లండన్ మిలీనియం బ్రిడ్జిది ఇంకా తమాషా. 2000 జూన్ 10న తెరిచారు. జనం కిక్కిరిశారు. నడిచేటప్పుడు మనం ఎడమకీ కుడికీ కొద్దికొద్దిగా తోస్తాం. ఆ లెక్క సెకనుకి ఒకసారి దగ్గరగా ఉంటుంది. వంతెన పక్కకి ఊగే లెక్కా దాదాపు అంతే. వంతెన ఊగడం మొదలవగానే జనం పడిపోకుండా దానికి తగ్గట్టు అడుగులు వేశారు. దాంతో ఊపు ఇంకా పెరిగింది. రెండు రోజులకే మూసేసి, డ్యాంపర్లు బిగించి 2002లో మళ్లీ తెరిచారు.

1985 సెప్టెంబర్ 19 మెక్సికో భూకంపం మాత్రం గుండె కలుక్కుమనే ఉదాహరణ. భూకంప కేంద్రం మెక్సికో సిటీకి 350 కిలోమీటర్లకు పైనే ఉంది. కానీ నగరంలో చాలా భాగం పాత సరస్సు అడుగున ఉన్న మెత్తటి బంకమట్టి మీద కట్టింది. ఆ మట్టి సుమారు రెండు సెకన్లకోసారి ఊగింది. మరీ చిన్న ఇళ్లు, చాలా ఎత్తైన భవనాల కన్నా మధ్యరకం ఎత్తున్న భవనాలే ఎక్కువగా దెబ్బతిన్నాయి. వాటి లెక్క ఆ మట్టి లెక్కకి దగ్గర పడింది.

ఇక్కడో మాట. రెజొనెన్స్ అనగానే అందరూ షేర్ చేసే వీడియో ఒకటుంది. 1940 నవంబర్ 7న అమెరికాలో టకోమా నారోస్ వంతెన మెలికలు తిరుగుతూ కూలిపోయే దృశ్యం. మా పాఠంలోనూ అదే చెప్పారు. నిజానికి ఆ రోజు గాలి ఓ లెక్క ప్రకారం తోసింది కాదు. వంతెన మెలి తిరిగే కదలికే గాలి నుంచి ఇంకా ఇంకా శక్తి లాగేసుకుంది. దాన్ని ఫ్లట్టర్ అంటారు. రెజొనెన్స్‌కి దాయాది, కానీ అదే కాదు. ఈసారి ఆ వీడియో ఫార్వర్డ్ వస్తే మీరు గర్వంగా సరిదిద్దొచ్చు.

మూసేద్దామా?

మళ్లీ మా మర దగ్గరికి వద్దాం. "పుల్లీ మార్చి రాయి స్పీడు తగ్గిద్దామా?" అని అడిగాను. అది తేలికైన దారి.

"వద్దు. ఆ స్పీడుకి అలవాటుపడ్డ పిండిరా అది. తేడా వస్తే ఆడవాళ్లు రొట్టె చేసిన రోజే చెప్పేస్తారు." పాతికేళ్ల అనుభవం ముందు నా ఫార్ములా నోరు మూసుకుంది.

సరే, బిగువు పెంచాలి. వెల్డింగ్ షాపతన్ని పిలిచాం. టైరు ముక్కలు తీసేసి, కాళ్లని నేలలో బోల్టులతో బిగించాం. నాలుగు పక్కలా యాంగ్లర్లు ఇంటూ గుర్తులా వేయించాం. నిలువు కాళ్లు మాత్రమే ఉన్న స్టాండుని పక్కకి తోస్తే వంగుతుంది. ఇంటూ వేస్తే మూడు మూలల ఆకారాలు ఏర్పడి బిగుసుకుంటుంది. మొత్తం ఖర్చు నాలుగు వేల లోపే.

సాయంత్రం మళ్లీ ఫోన్ అంటించి సుత్తితో కొట్టాం. చెట్టు 17 దగ్గర లేచింది. అంటే బిగువు దాదాపు రెండున్నర రెట్లు పెరిగింది. గింజలు పోస్తే 16కి దగ్గర. కింద రాయి 10లో ఉంది, పైన మోటారు 24లో ఉంది. రెండిటికీ దూరంగా, మధ్యలో మా స్టాండు.

నాన్న మోటారు ఆన్ చేశాడు. రాయి అందుకుంది. గింజలు నిండుగా పోశాడు. స్టాండు మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాడు. ఏమీ మాట్లాడలేదు. గోడకి అవతల్నుంచి పిన్ని గొంతు, "ఏం బావగారూ, మర ఆపేశారా?"

తిరుగుతూనే ఉంది.

మర్నాడు నేనూ నాన్నా బాబాయి ఇంటికెళ్లాం. బీట రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో గీత పెట్టి తారీకు రాశాను. బీట ఆ గీత దాటితే నాకు ఫోన్ చేయమన్నాను. ఆ బీట మర వల్లే వచ్చిందో, పునాది వల్ల వచ్చిందో నేను తేల్చలేనని, సివిల్ ఇంజనీర్‌కి చూపిస్తే మంచిదని, ఖర్చు మేం పెట్టుకుంటామని చెప్పాను. బాబాయి కాసేపు గోడకేసి చూసి, పిన్నితో "కాఫీ పెట్టు" అన్నాడు. పంచాయతీ కాగితం సంగతి మళ్లీ ఎత్తలేదు.

మీరూ ప్రయత్నించొచ్చు. ఇంట్లో మంచం, బాల్కనీ రెయిలింగు, టేబులు, దేని మీదైనా ఫోన్ పెట్టి చిన్నగా తట్టి చూడండి. దాని సొంత లెక్క తెరమీద కనిపిస్తుంది. రెండు జాగ్రత్తలు. తిరిగే బెల్టుల దగ్గర ఫోన్ కాదు, చెయ్యి కూడా పెట్టొద్దు. బాగా వణికే యంత్రానికి ఫోన్‌ని గంటల తరబడి అంటించి ఉంచొద్దు. పెద్ద బైక్ ఇంజిన్ల వైబ్రేషన్ వల్ల ఐఫోన్ కెమెరాలు దెబ్బతినొచ్చని ఆపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది.

ఆదివారం రాత్రి బస్టాండులో నాన్న నా బ్యాగు అందించాడు. నేనే అన్నాను, "ఆ రోజు ఫోన్‌లో అలా అనకుండా ఉండాల్సింది నాన్నా."

"సర్లే, బస్సు వచ్చింది ఎక్కు" అన్నాడు.

నాలుగు నెలలైంది. బీట ఇప్పటికీ పెన్సిల్ గీత దాటలేదు. నిన్న నాన్న ఫోన్ చేశాడు. బాబాయి వాళ్లింట్లో ఫ్యాను మూడో నంబరు మీద పెడితే తెగ ఊగుతోందట, నాలుగులో పెడితే ఊగట్లేదట. "వాడు చదివింది మెకానికలే కదా, వచ్చినప్పుడు చూస్తాడ్లే అని చెప్పాను" అన్నాడు.